కోర్లు ఎనభై, క్లయింట్ ఒకటి: సోలర్ కనెక్షన్లను దారిలో పెట్టడం ఎలా

మిర్యాలగూడ రైస్ మిల్లులకు మీరొక సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చారనుకుందాం. కాంటా చీటీలు, ట్రక్ షీట్లు, పార్టీల ఖాతాలు, సీఎంఆర్ (ప్రభుత్వ ధాన్యాన్ని బియ్యంగా ఆడించి ఇచ్చే) లెక్కలు, అన్నీ అందులోనే. గుమాస్తా లారీ నంబరో, రైతు పేరో కొట్టగానే పాత రికార్డు ముందుకు రావాలి కాబట్టి వెనక అపాచీ సోలర్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. తమ లెక్కలు పక్క మిల్లు వాళ్ల కంట పడొద్దని ప్రతి యజమానీ గట్టిగా చెప్తాడు. అందుకని మిల్లుకో ఇండెక్స్. సోలర్‌లో దాన్ని కోర్ అంటారు.

పది మిల్లులున్నప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. సూర్యాపేట, జడ్చర్ల, వనపర్తి మిల్లులు కూడా చేరి కోర్లు ఎనభై దాటాక, వానాకాలం ధాన్యం జోరుగా దిగుతున్న రోజున ఫోన్ మోగుతుంది: "సార్, లారీ కాంటా మీదనే ఉంది, నంబర్ కొడితే చక్రం తిరుగుతనే ఉంది."

సర్వర్ తెరిచి చూస్తే సీపీయూ ఖాళీగా ఉంటుంది. మెమరీకి కరువు లేదు. సోలర్ అడ్మిన్ పేజీలోకి వెళ్లి అదే నంబర్ కొడితే రెప్పపాటులో వస్తుంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ర్యామ్ పెంచడం. డబ్బు దండగ తప్ప ఫలితం ఉండదు. చూడాల్సింది మీ అప్లికేషన్‌కూ సోలర్‌కూ మధ్య కనెక్షన్లు ఎలా పుడుతున్నాయి, ఎప్పుడు పోతున్నాయి అన్నది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. కనెక్షన్ కోర్‌కు వెళ్లదు, మెషీన్‌కు వెళ్తుంది. మెషీన్ అడ్రసు, పోర్టు నంబర్, ఈ రెంటితోనే దానికి పని. సోలర్ మామూలుగా 8983 పోర్టు మీద కూర్చుంటుంది. కోర్ పేరు యూఆర్ఎల్‌లో ఆ తర్వాత వచ్చే ముక్క మాత్రమే. మార్కెట్ యార్డులో దుకాణాలెన్ని ఉన్నా గేటు ఒకటే కదా, ఇదీ అంతే. ఇప్పుడే మిర్యాలగూడ మిల్లు కోర్ కోసం వాడిన కనెక్షన్‌నే మరుక్షణం వనపర్తి కోర్‌కూ వాడొచ్చు. ఎలాస్టిక్‌సెర్చ్ వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ పోర్టు 9200, ఇండెక్స్ పేరు యూఆర్ఎల్‌లోనే ఉంటుంది.

ముందు ఉన్నది ఉన్నట్టు చూడండి

కోడ్ ముట్టుకోకముందే అప్లికేషన్ నడిచే లినక్స్ మెషీన్‌లో కనెక్షన్ల జాబితా చూపే ఎస్ఎస్ (ss) కమాండ్‌ను టీ-ఏ-ఎన్ (-tan) ఆప్షన్లతో నడపండి. అందులోంచి 8983 ఉన్న వరుసలను వేరుచేసి, ఏ స్థితిలో ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టండి. పొద్దున తీరికగా ఉన్నప్పుడు ఒకసారి, లారీలు వరస కట్టినప్పుడు ఇంకోసారి చూడండి. ఒక్కసారి చూసి ఒక నిర్ణయానికి రాకండి.

టైమ్ వెయిట్ స్థితిలో వేలకొద్దీ కనిపిస్తే మీ ప్రోగ్రామ్ ప్రతి సెర్చ్‌కూ కొత్త కనెక్షన్ తెరిచి, పని కాగానే మూసేస్తోందని అర్థం. మూసిన కనెక్షన్‌ను లినక్స్ వెంటనే వదిలేయదు, 60 సెకన్లు పట్టి ఉంచుతుంది. బయటికి వెళ్లే కనెక్షన్లకు లినక్స్ మామూలుగా ఇచ్చే పోర్టులు 32768 నుంచి 60999 వరకు, అంటే దాదాపు 28 వేలు. వాటిని 60తో భాగిస్తే సెకనుకు 470 దాకా వస్తుంది. అదే సర్వర్‌కు అంతకన్నా వేగంగా కొత్త కనెక్షన్లు తెరుస్తూ పోతే పోర్టులు అయిపోతాయి, అడ్రసు కేటాయించలేనన్న ఎర్రర్ వస్తుంది. అంత దూరం రాకపోయినా, ప్రతి సెర్చ్‌కూ కొత్తగా చేతులు కలుపుకొని మొదలుపెట్టడం వల్ల సమయం ఊరికే పోతుంది. మధ్యలో టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ ఉంటే ఇంకా ఎక్కువ.

క్లోజ్ వెయిట్ పెరుగుతూ పోతుంటే అది వేరే జబ్బు. అవతల సోలర్ కనెక్షన్ మూసేసింది, ఇవతల మీ ప్రోగ్రామ్ మూయడం మరిచిపోయింది. సోలర్‌జే అనే జావా లైబ్రరీ కాకుండా మీరే సొంతంగా హెచ్‌టీటీపీ కాల్స్ రాసుకున్న చోట ఇది ఎక్కువ. జవాబును చివరి వరకు చదవకుండా, మూయకుండా మధ్యలో వదిలేసిన చోటు కోసం వెతకండి. ఎక్సెప్షన్ వచ్చినప్పుడు నడిచే దారిలో ముఖ్యంగా చూడండి, తొంభై పాళ్లు అక్కడే దొరుకుతుంది.

మూడోది ఎస్టాబ్లిష్డ్, అంటే బతికి ఉన్న కనెక్షన్లు. వాటి సంఖ్య మిల్లులు చేరిన కొద్దీ పెరుగుతూ పోతోందంటే మీరు కోర్‌కో క్లయింట్ (మీ కోడ్‌లో సోలర్‌తో మాట్లాడే వస్తువు) పెట్టుకున్నారన్నమాట. చాలా లినక్స్ మెషీన్లలో ఒక ప్రాసెస్ తెరవగలిగే ఫైళ్ల పరిమితి మొదట్లో 1024 ఉంటుంది. ప్రతి కనెక్షనూ ఒక ఫైల్ కిందే లెక్క. ఆ గీత తాకిన రోజున సెర్చ్ ఒక్కటే కాదు, కొత్త లాగ్ ఫైల్ తెరవడం కూడా ఆగిపోతుంది.

కోడ్‌లో క్లయింట్ ఎక్కడ పుడుతోందో పట్టుకోండి

ప్రాజెక్ట్ మొత్తంలో సోలర్ క్లయింట్ బిల్డర్ పేరు వెతకండి. ఎన్ని చోట్ల కనిపిస్తే అన్ని చోట్లా ఆగి చూడండి.

సెర్చ్ ఫంక్షన్ లోపలే క్లయింట్ కట్టి, ట్రై బ్లాక్ అయిపోగానే మూసేస్తుంటే అది అన్నింటికన్నా చెడ్డ పద్ధతి. ఇది బద్ధకంతో రాసింది కాదు, చాలాసార్లు ఐడీఈ (కోడ్ రాసే ఎడిటర్) చెప్పిందని రాసింది. సోలర్ క్లయింట్ క్లోజబుల్ కాబట్టి, మూయలేదేమని ఐడీఈ పసుపు గీత గీస్తుంది. కుర్రాళ్లు దాని మాట విని ట్రైలో పెట్టేస్తారు. గీత పోతుంది, టైమ్ వెయిట్ కుప్ప మొదలవుతుంది. క్లయింట్‌ను మూయాల్సిందే, కానీ అప్లికేషన్ ఆగేటప్పుడు ఒకే ఒక్కసారి.

రెండోది, కోర్ పేరు తాళంచెవిగా ఒక మ్యాప్ పెట్టుకొని, కోర్‌కో క్లయింట్ దాచుకోవడం. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. ట్యుటోరియల్స్‌లో కోర్ పేరు కలిపిన యూఆర్ఎల్‌తోనే క్లయింట్‌ను కట్టి చూపిస్తారు కాబట్టి అందరూ ఇక్కడికే వస్తారు. చిక్కేమిటంటే ప్రతి క్లయింట్ తన సొంత కనెక్షన్ పూల్, అంటే తెరిచి దాచుకున్న కనెక్షన్ల గుంపు, తెచ్చుకుంటుంది. హెచ్‌టీటీపీ2 సోలర్ క్లయింట్ అయితే సొంత థ్రెడ్లు కూడా. ఎనభై మిల్లులకు ఎనభై పూల్స్. అచ్చంపేట మిల్లు సీజన్ కాక మూతపడి ఉన్నా దాని పూల్ దానిదే, పక్కవాళ్లకు అక్కరకు రాదు.

ఒకే క్లయింట్‌కు మార్చండి

బిల్డర్‌కు ఇచ్చే యూఆర్ఎల్‌ను సోలర్ అన్న ముక్క దగ్గరే ఆపేయండి, కోర్ పేరు కలపకండి. ఆ క్లయింట్‌ను అప్లికేషన్ లేచేటప్పుడు ఒకసారి కట్టండి. స్ప్రింగ్ వాడుతుంటే బీన్‌గా పెడితే చాలు. సోలర్‌జేలో క్వెరీ, యాడ్, డిలీట్, కమిట్ మెథడ్స్ అన్నింటికీ మొదటి ఆర్గ్యుమెంట్‌గా కోర్ పేరు తీసుకునే రూపం ఉంది. దాన్నే వాడండి. ఎన్ని థ్రెడ్లు ఒకేసారి వాడినా ఈ క్లయింట్‌కు ఇబ్బంది లేదు, అలా వాడటానికే తయారు చేశారు.

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. కొత్త వెర్షన్లలో బిల్డర్‌కు డిఫాల్ట్ కలెక్షన్ చెప్పే సౌకర్యం ఉంది. మిల్లుకో కోర్ ఉన్న చోట దాన్ని వాడొద్దు. ఎవరైనా కోర్ పేరు ఇవ్వడం మరిచిపోతే, డిఫాల్ట్ లేనప్పుడు ఎర్రర్ వస్తుంది, గంటలో సరిచేస్తారు. డిఫాల్ట్ ఉంటే ఎర్రర్ రాదు, ఒక మిల్లు గుమాస్తాకు ఇంకో మిల్లు పార్టీల పేర్లు కనిపిస్తాయి. ఆ ఫోన్ కాల్‌కు మీ దగ్గర జవాబు ఉండదు.

అందుకే క్లయింట్‌ను నేరుగా అందరి చేతికీ ఇవ్వకుండా, చుట్టూ ఒక చిన్న క్లాస్ రాయండి. దాని మెథడ్స్ మిల్లు కోడ్ తీసుకోవాలి, లోపల ఒక టేబుల్ చూసి కోర్ పేరు తేల్చాలి. మిల్లు కోడ్ లాగిన్ సెషన్‌లోంచి రావాలి, బ్రౌజర్ పంపే ఫారంలోంచి కాదు. బ్రౌజర్ ఇచ్చిన పేరును యూఆర్ఎల్‌లో అతికిస్తే, కాస్త తెలిసినవాడెవడైనా పక్క మిల్లు కోర్‌లోకి తొంగిచూస్తాడు.

పేరు పెట్టడం గురించి కూడా ఒక మాట. కోర్ పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్, హైఫన్ మాత్రమే చెల్లుతాయి, హైఫన్‌తో మొదలుపెట్టకూడదు. తెలుగులో పెడదామంటే సోలర్ ఒప్పుకోదు. ఊరి పేరో, జిల్లా పేరో కలిపి అందంగా పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా. జిల్లా పేరుతో కోడింగ్ చేసిన ప్రతివాళ్లూ అప్పుడు మార్చుకోవాల్సి వచ్చింది. అర్థం లేని కోడ్ నంబర్ పెట్టుకుంటే ఏ గెజిట్‌కూ భయపడక్కర్లేదు.

పాత కోడ్‌లో కోర్‌కో క్లయింట్ పద్ధతి తీసేయడం కుదరకపోతే మధ్యే మార్గం ఉంది. కింద ఒకే అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ కట్టి, పాత తరహా సోలర్ క్లయింట్లన్నింటికీ బిల్డర్‌లో దాన్నే ఇవ్వండి. అప్పుడు పైన ఎనభై వస్తువులున్నా కింద పూల్ ఒకటే. అలా బయటినుంచి ఇచ్చిన దాన్ని సోలర్ క్లయింట్ తనంతట తాను మూయదు, చివర్లో మీరే మూయాలి.

పైథాన్‌లో పైసోలర్ వాడేవాళ్లకు కోర్ పేరు యూఆర్ఎల్‌లోనే ఇవ్వాలి కాబట్టి కోర్‌కో ఆబ్జెక్ట్ తప్పదు. కానీ సెషన్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది, రిక్వెస్ట్స్ సెషన్ ఒకటి తయారు చేసి అన్నింటికీ దాన్నే ఇవ్వండి. రిక్వెస్ట్స్ మామూలుగా ఒక సర్వర్‌కు 10 కనెక్షన్లే దాచుకుంటుంది. అంతకు మించితే ఆపదు, కొత్తవి తెరిచి పని కాగానే పారేస్తుంది. పూల్ నిండింది, కనెక్షన్ పారేస్తున్నానన్న హెచ్చరిక లాగ్‌లో కనిపిస్తే అదే. అడాప్టర్‌లో పూల్ మ్యాక్స్ సైజ్ పెంచండి. గునికార్న్ (పైథాన్ వెబ్ సర్వర్) కింద నడుపుతుంటే వర్కర్లు విడిపోయిన తర్వాతే సెషన్ కట్టండి. నాలుగు వర్కర్లంటే నాలుగు పూల్స్ అని కూడా గుర్తుంచుకోండి.

పీహెచ్‌పీలో ప్రతి రిక్వెస్ట్ కొత్తగా పుట్టి చచ్చిపోతుంది కాబట్టి కనెక్షన్ దాచుకోవడం కష్టం. అదే మెషీన్‌లో ఎంజినెక్స్ పెట్టి, దాని అప్‌స్ట్రీమ్‌లో కీప్ ఎలైవ్ ఆన్ చేసి, పీహెచ్‌పీని దాని ద్వారా పంపడం తేలిక.

పూల్ సైజ్: ఇక్కడే మళ్లీ దెబ్బ తినేది

ఒకే క్లయింట్‌కు మార్చారు. టైమ్ వెయిట్ కుప్ప మాయమైంది. మర్నాడు గుమాస్తా మళ్లీ ఫోన్, ఈసారి ఇంకా మెల్లగా ఉందని. ఏమై ఉంటుంది?

అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ నాలుగో తరం పూల్‌కు మీరేమీ చెప్పకపోతే మొత్తం 20 కనెక్షన్లు, రూట్‌కు 2 అని పెట్టుకుంటుంది. రూట్ అంటే మెషీన్, పోర్టు. మీ ఎనభై కోర్లూ ఒకే మెషీన్‌లో, ఒకే పోర్టు మీద ఉన్నాయి. అంటే ఎనభై మిల్లులూ రెండే రెండు కనెక్షన్ల వెనక వరసలో నిలబడ్డాయి. ముందు కోర్‌కో క్లయింట్ ఉన్నప్పుడు ఒక్కోదానికి రెండే అనుకున్నా 160 దొరికేవి, అందుకే ఈ సంగతి బయటపడలేదు. సోలర్‌జే తానే పూల్ కట్టుకుంటే ఇంకా పెద్ద అంకెలు పెట్టుకుంటుంది. మీరు సొంతంగా హెచ్‌టీటీపీ క్లయింట్ కట్టి ఇస్తేనే ఈ 2 వచ్చి కూర్చుంటుంది. ఎలాస్టిక్‌సెర్చ్ లో లెవెల్ జావా క్లయింట్‌లో అయితే రూట్‌కు 10, మొత్తం 30.

ఎంత పెట్టాలి? ఊహించొద్దు, లెక్క వేయండి. సెకనుకు వచ్చే సెర్చ్‌లను, ఒక్కో సెర్చ్‌కు పట్టే సగటు సమయంతో గుణించండి. జోరు మీదున్న గంటలో సెకనుకు 40 సెర్చ్‌లు, ఒక్కోదానికి 0.15 సెకను అనుకుంటే 6 కనెక్షన్లు ఒకేసారి పనిలో ఉంటాయి. సగటు ఎప్పుడూ మోసం చేస్తుంది కాబట్టి మూడు నాలుగు రెట్లు వేసుకోండి, 25 సరిపోతుంది. రూట్ పరిమితికి, మొత్తం పరిమితికి రెండింటికీ అదే అంకె ఇవ్వండి, మీకున్న రూట్ ఒకటే కదా.

ఎందుకైనా మంచిదని 500 పెట్టేవాళ్లను చూస్తుంటాం. దానివల్ల వరస పోదు, మీ అప్లికేషన్‌లోంచి సోలర్ లోపలికి మారుతుంది. నాలుగు సీపీయూల మెషీన్ మీద 500 సెర్చ్‌లు ఒకేసారి పడితే అన్నీ కలిసి మెల్లబడతాయి. పూల్ చిన్నగా ఉంటే వరస మీ కళ్ల ముందు ఉంటుంది, గడువు పెట్టి కొందరికి కాసేపాగి రమ్మని చెప్పొచ్చు.

హెచ్‌టీటీపీ2 వాడుతుంటే లెక్క మారుతుంది. ఒకే కనెక్షన్ మీద చాలా రిక్వెస్టులు పక్కపక్కనే వెళ్తాయి. అక్కడ కనెక్షన్లను లెక్కపెట్టి లాభం లేదు, ఒకేసారి నడిచే రిక్వెస్టులకు హద్దు పెట్టాలి.

మూడు గడువులు

కనెక్షన్ కుదరడానికి ఎంతసేపు ఆగాలి, జవాబు కోసం ఎంతసేపు ఆగాలి, పూల్‌లో కనెక్షన్ ఖాళీ అయ్యేదాకా ఎంతసేపు ఆగాలి. మొదటి రెండూ అందరూ పెడతారు, మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. హెచ్‌టీటీపీ క్లయింట్ నాలుగో తరంలో మీరు చెప్పకపోతే ఆ మూడోదానికి హద్దే లేదు. మీ వెబ్ సర్వర్ థ్రెడ్లన్నీ అక్కడే నిలబడిపోతాయి, లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు. సోలర్‌లో ఉన్నది లారీ నంబర్ సెర్చ్ ఒక్కటే, ఆగిపోయేది మాత్రం సాఫ్ట్‌వేర్ మొత్తం.

ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే కనెక్షన్‌కు 2 సెకన్లు, పూల్‌కు 1 సెకను, సెర్చ్ జవాబుకు 5 సెకన్లతో మొదలుపెట్టండి. కాంటా దగ్గర నిలబడిన మనిషి 5 సెకన్లకు మించి ఆగడు, మళ్లీ ఎంటర్ కొడతాడు. అప్పుడు ఒక సెర్చ్ రెండవుతుంది.

ఇంకో సంగతి. మీ వైపు గడువు దాటి వదిలేసినా, అవతల సోలర్ ఆ సెర్చ్‌ను ఆపదు, తన పని తాను చేసుకుంటూ పోతుంది. సెర్చ్‌తోపాటు టైమ్ అలౌడ్ అనే పారామీటర్ మిల్లీసెకన్లలో పంపితే ఆ సమయానికి అది కూడా ఆపే ప్రయత్నం చేస్తుంది. అప్పుడు సగం ఫలితాలే రావచ్చు, జవాబులో పార్షియల్ రిజల్ట్స్ గుర్తు ఉందేమో చూసి తెర మీద చెప్పండి. రికార్డు లేదు అని చూపిస్తే గుమాస్తా అదే లారీకి ఇంకో చీటీ కొడతాడు.

గడువు దాటిన ఎర్రర్లను లాగ్‌లో ఒకే ముద్దగా రాయకండి. పూల్‌లో దొరకలేదు అన్నదానికీ, సోలర్ పలకలేదు అన్నదానికీ మందు వేరు.

వెతకడం వేరు, నింపడం వేరు

పైన ఒకే క్లయింట్ అన్నాను కానీ, నిజానికి రెండు పెట్టుకోండి. కోర్‌ను బట్టి కాదు, పనిని బట్టి. సెర్చ్‌కు ఒకటి, ఇండెక్స్ నింపడానికి ఒకటి. రాత్రిపూట ట్రక్ షీట్లు ఎక్కించే జాబ్ ఒక్కోసారి పొద్దున పదింటి దాకా సాగుతుంది. రెండూ ఒకే పూల్‌లో ఉంటే ఆ జాబ్ కనెక్షన్లన్నీ పట్టుకొని కూర్చుంటుంది. నింపే క్లయింట్‌కు నాలుగైదు కనెక్షన్లు, పెద్ద గడువు చాలు.

నింపేటప్పుడు రికార్డుకో రిక్వెస్ట్ పంపకండి. 500 నుంచి 1000 రికార్డులు కట్టగట్టి పంపండి. రికార్డుకో కమిట్ (ఎక్కించినవి సెర్చ్‌లో కనిపించేలా చేయడం) అసలే వద్దు. ప్రతి కమిట్‌కూ ఆ కోర్‌లో కొత్త సెర్చర్ తెరుచుకుని వేడెక్కుతుంది. అది అయ్యేలోపే ఇంకో కమిట్, ఇంకోటి వస్తే మ్యాక్స్ వార్మింగ్ సెర్చర్స్ హద్దు దాటిందని సోలర్ మొర పెడుతుంది. కమిట్ వితిన్ వాడి పది, ఇరవై సెకన్ల గడువిచ్చి ఎప్పుడు చేయాలో దానికే వదిలేయండి. ఎనభై కోర్లకూ రాత్రి పన్నెండు గంటలకే జాబ్ పెట్టడం కూడా మంచిది కాదు. ఒకదాని వెనక ఒకటి నడపండి.

పెద్ద మిల్లు ఒకటి మిగతావాళ్లను తొక్కేయకుండా చూడటం కూడా ఇందులో భాగమే. ఆడిట్ రోజుల్లో ఒక అకౌంటెంట్ ఏడాది రికార్డంతా ఒక్క బటన్‌తో దించుకుంటాడు. లక్ష వరుసలు ఒకేసారి అడగడం కనెక్షన్‌ను చాలాసేపు పట్టి ఉంచుతుంది. అలాంటివాటికి కర్సర్ మార్క్ (ఎక్కడ ఆగామో గుర్తుపెట్టే సోలర్ సౌకర్యం) వాడి 500 చొప్పున తీయండి. దానితోపాటు మీరు రాసిన చుట్టు క్లాస్‌లో మిల్లుకో సెమాఫోర్ (ఒకేసారి ఇంతమందే అని ఆపే తాళం) పెట్టి, ఒక మిల్లు ఒకేసారి ఐదు సెర్చ్‌లకు మించి నడపకుండా చేయండి. ఆరోవాడు 300 మిల్లీసెకన్లు చూసి వెనక్కి వస్తాడు. ఒకే పూల్ పెట్టుకున్నాక ఈ అడ్డుకట్ట తప్పనిసరి.

నిద్రపోయిన కనెక్షన్లు

అప్లికేషన్ నల్లగొండ ఆఫీసులో, సోలర్ హైదరాబాద్ క్లౌడ్‌లో ఉంటే ఈ ఇబ్బంది తప్పకుండా వస్తుంది. రాత్రంతా ఎవరూ వాడరు. మధ్యలో ఫైర్‌వాల్ చడీచప్పుడు లేకుండా కనెక్షన్ తెంచేస్తుంది. పొద్దున మొదటి గుమాస్తా కొట్టిన మొదటి సెర్చ్ విఫలమవుతుంది, రెండోది పనిచేస్తుంది. సర్వర్ నుంచి జవాబే రాలేదన్న ఎక్సెప్షన్ తెల్లవారి లాగ్‌లో మాత్రమే కనిపిస్తే కారణం చాలావరకు ఇదే.

మీ క్లయింట్ ఖాళీ కనెక్షన్లను దాచుకునే సమయం, సోలర్ లోపలి వెబ్ సర్వర్ అయిన జెట్టీ ఐడిల్ టైమౌట్ కన్నా, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ గడువు కన్నా తక్కువ ఉండాలి. 30 సెకన్లు పెడితే ఎక్కడా ఇబ్బంది రాదు. పడిపోయిన సెర్చ్‌ను ఒక్కసారి తిరిగి పంపొచ్చు. అప్‌డేట్లను కూడా తిరిగి పంపొచ్చు, ఎందుకంటే అదే ఐడీతో వచ్చిన రికార్డు పాతదాని మీదే పడుతుంది. అటామిక్ అప్‌డేట్‌లో ఇంక్రిమెంట్ వాడి బస్తాల సంఖ్య పెంచుతుంటే మాత్రం తిరిగి పంపకండి. జవాబు మాత్రమే పోయి పని జరిగిపోయి ఉంటే బస్తాలు రెండుసార్లు కలుస్తాయి.

తెలుగులో వెతికేవాళ్ల కోసం

ఇంగ్లిష్ డాక్యుమెంట్లలో దీని ఊసు ఉండదు. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, యూఆర్ఎల్‌లోకి ఎక్కేసరికి 9 గుర్తులు అవుతుంది. ఒత్తు, గుణింతం, సున్నా కూడా విడివిడిగా లెక్క. నల్లగొండ అన్న ఒక్క పేరు 72 గుర్తులు. సోలర్ జెట్టీలో రిక్వెస్ట్ హెడర్‌కు మామూలుగా ఇచ్చే చోటు 8192 బైట్లు, అంటే తొమ్మిది వందల తెలుగు గుర్తులకే నిండుతుంది. యాభై మంది రైతుల పేర్లతో ఫిల్టర్ పెడితే దాటిపోయి, యూఆర్ఎల్ మరీ పొడవన్న 414 ఎర్రర్ వస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించిన రోజున ఇది కనిపించదు. చుట్టు క్లాస్‌లో సెర్చ్‌లన్నింటినీ పోస్ట్ మెథడ్‌తో పంపేయండి.

సర్వర్ వైపు కొంచెం

సోలర్ నడిచే మెషీన్‌లో తెరవగలిగే ఫైళ్ల పరిమితి 65000 ఉండాలి, తక్కువుంటే లేచేటప్పుడే సోలర్ హెచ్చరిస్తుంది. ప్రతి కోర్‌కూ బోలెడు ఫైళ్లుంటాయి కాబట్టి ఆ హెచ్చరికను పట్టించుకోండి. సోలర్ 9 నుంచి మొదట్లో సొంత మెషీన్‌కు మాత్రమే పలుకుతుంది. అప్లికేషన్ వేరే మెషీన్‌లో ఉంటే ఆ సెట్టింగ్ మార్చాలి, కానీ బయటి ఇంటర్నెట్‌కు తెరవకండి.

అసలు ఎనభై కోర్లు కావాలా అన్నది కూడా ఒకసారి ఆలోచించాలి. అన్ని మిల్లులకూ స్కీమా ఒకటే, రికార్డులు తక్కువ అయితే ఒకే కోర్‌లో మిల్లు కోడ్ ఫీల్డ్ పెట్టి ఫిల్టర్ చేయొచ్చు, మెమరీ కూడా బాగా మిగులుతుంది. కానీ ఆ ఫిల్టర్ ఒక్క చోట మరిచిపోతే లెక్కలు పక్కవాళ్లకు బయటపడతాయి. మిల్లుల మధ్య పోటీ ఎలా ఉంటుందో తెలిసిన నేనైతే వందల్లో ఉన్నంతవరకు విడి కోర్లకే మొగ్గుతాను. వేలకు చేరితే లెక్క వేరు.

మార్చాక సరిచూసుకోవడం

లోడ్ టెస్ట్ చేసేటప్పుడు ఒకే కోర్ మీద కొట్టి సంతోషపడకండి. కోర్ల పేర్లన్నీ ఒక ఫైల్‌లో పెట్టి వరసగా తిప్పండి. సెర్చ్ పదాలు కూడా నిజమైనవే వాడండి. గుమాస్తాలు బండి నంబర్ మొత్తం కొట్టరు, చివరి నాలుగంకెలే కొడతారు. కొట్టినా నల్లగొండలో 2024 నుంచి కొత్త బండ్లు టీజీ 05, పాతవి టీఎస్ 05, అంతకు ముందువి ఏపీ 24. ఏది కొడతారో వాళ్లకే తెలియదు.

ఒక్కో సెర్చ్‌కు రెండు అంకెలు లాగ్‌లో రాయండి. సోలర్ జవాబులో ఇచ్చే క్యూటైమ్ ఒకటి, సోలర్‌జే ఇచ్చే మొత్తం సమయం ఒకటి. క్యూటైమ్ 12 మిల్లీసెకన్లు, మొత్తం 2900 అని కనిపిస్తే సోలర్ తప్పేమీ లేదు, ఆ సెర్చ్ పూల్ ముందో, నెట్‌వర్క్ మీదో కాలం గడిపింది. చాలా వరుసలు అడిగినా ఈ తేడా కనిపిస్తుంది, ఎందుకంటే జవాబు రాసి పంపే సమయం క్యూటైమ్‌లో కలవదు. రెండూ పెద్దగానే ఉంటే అప్పుడు సోలర్ వైపు చూడండి. పూల్ లెక్కలు కూడా నిమిషానికోసారి రాయించండి. పెండింగ్ (పూల్ ముందు ఆగిన సెర్చ్‌ల సంఖ్య) అన్నది అప్పుడప్పుడు లేచి పడుతుంటే ఫర్వాలేదు, దిగకుండా నిలబడి ఉంటే పూల్ చిన్నదైనా కావాలి, సోలర్ మెల్లగా అయినా ఉండాలి. ఏదన్నది ఆ రెండు అంకెలే చెప్తాయి.

మళ్లీ ఎస్ఎస్ కమాండ్ నడపండి. ఎస్టాబ్లిష్డ్ ఇరవై చుట్టూ కదలకుండా ఉండాలి, కొత్త మిల్లు చేర్చినా పెరగకూడదు.

కొత్త మిల్లును చేర్చడం ఇక తేలిక. సోలర్‌లో కోర్ తయారు చేసి, టేబుల్‌లో ఒక వరుస రాస్తే చాలు, అప్లికేషన్ రీస్టార్ట్ అక్కర్లేదు. ఇండెక్స్‌ను కొత్త స్కీమాతో మళ్లీ కట్టాలంటే పక్కన ఇంకో కోర్‌లో నింపి, స్వాప్ చేయండి, క్లయింట్‌కు ఆ సంగతే తెలియదు. తీసేసేటప్పుడు మాత్రం క్రమం తప్పొద్దు. ముందు టేబుల్‌లో వరుస ఆపేయండి, నడుస్తున్న సెర్చ్‌లూ, నింపే జాబూ అయ్యేదాకా ఆగండి, ఆ తర్వాతే అన్‌లోడ్ చేయండి. అన్‌లోడ్‌లో ఇన్‌స్టన్స్ డైరెక్టరీ తీసేయమనే ఆప్షన్ పెడితే డేటా కూడా పోతుంది. ఆ మిల్లు లెక్కలు ఆడిట్ దాటాయో లేదో యజమానిని అడిగాకే దాన్ని వాడండి.